కుండీలో కాపురముండే గుడ్డిపాము



తొలకరి వానలు పడ్డ నాలుగైదు రోజులకు పెరట్లోని పూలకుండీ ఒకదాన్ని మెల్లగా పక్కకు జరిపి చూడండి. కుండీ అడుగున తడిమట్టిలో నల్లగా, నిగనిగలాడుతూ, బూటు లేసంత సన్నగా ఒక జీవి మెలికలు తిరుగుతూ కనబడవచ్చు. వెలుగు తగలగానే అది గాభరాపడి మట్టిలోకి దూరిపోవాలని చూస్తుంది. పక్కన నలుగురుంటే, "వానపాము" అని ఒకరంటారు. "కాదు, నాగుపాము పిల్ల" అని మరొకరంటారు. మూడోవారు మాట్లాడకుండా చెప్పు తీస్తారు. ఆ జీవి కథ చాలా ఇళ్లలో అక్కడితో ముగిసిపోతుంది.

అది వానపామూ కాదు, నాగుపాము పిల్లా కాదు. దాని పేరు గుడ్డిపాము. శాస్త్రీయ నామం ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్. గ్రీకు భాషలో 'టిఫ్లాస్' అంటే గుడ్డి అని అర్థం. దీనికి విషం లేదు. ఎవరినీ కరవదు, కరవాలన్నా దాని నోరు చాలదు. ఇంత చిన్న ప్రాణిలో ఎన్ని విశేషాలున్నాయో తెలిస్తే, చెప్పు తీసిన చెయ్యి తప్పక ఆగుతుంది.

వానపామా? నిజం పామా?

మన భాషలో ఒక తమాషా ఉంది. వానపాము పేరులో పాము ఉంది గాని అది పాము కాదు. గుడ్డిపాము చూడటానికి వానపాములా ఉంటుంది గాని నిజంగా పామే. ఈ రెండింటినీ ఎలా గుర్తుపట్టాలి?

వానపాము ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు ఖండితాలుంటాయి. మీ పాఠ్యపుస్తకంలో చదివే ఫెరిటిమాలో 14, 15, 16వ ఖండితాల మీద క్లైటెల్లం అనే మందపాటి పట్టీ ఉంటుంది. శరీరం జిగురుగా ఉంటుంది. సాగుతూ, కుంచించుకుంటూ ముందుకు పోతుంది. దానికి వెన్నెముక లేదు, నాలుక లేదు.

గుడ్డిపాముకు ఉంగరాలుండవు. ఒంటినిండా నున్నని పొలుసులు, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. శరీరం చుట్టూ లెక్కపెడితే ఇరవై వరుసలు. మెరుస్తుంది గాని జిగురుండదు. ఎస్ ఆకారంలో మెలికలు తిరుగుతూ కదులుతుంది. జాగ్రత్తగా చూస్తే చీలిన నాలుకను బయటికి చాపి లోపలికి లాక్కోవడం కనబడుతుంది. లోపల వెన్నెముక, పక్కటెముకలు, ఊపిరితిత్తి అన్నీ ఉన్నాయి. అంటే ఇది సకశేరుకం, సరీసృపం, అసలు సిసలైన పాము. పెద్దదైనా సాధారణంగా 10 నుంచి 17 సెంటీమీటర్లకు మించదు. మీ స్కూలు స్కేలుకు సగం పొడవన్నమాట!

మిగతా పాములకూ దీనికీ మరొక తేడా ఉంది. నాగుపాము, జెర్రిపోతు వంటి వాటికి పొట్టకింద అడ్డంగా వెడల్పాటి పొలుసులుంటాయి. నేల మీద పట్టు దొరకడానికి అవి పనికివస్తాయి. గుడ్డిపాముకు వీపు మీదా, పొట్టకిందా ఒకే రకం పొలుసులు. అందుకే గచ్చు నేల మీద పడితే అది జారిపోతూ అవస్థపడుతుంది. మట్టిలోనైతే అన్నివైపులా మన్నే గనుక, ఏ వైపు నుంచైనా తోసుకుంటూ పోగలదు.

విశాఖపట్నం నుంచి ప్రపంచానికి

ఈ చిన్న పాముకూ మన తెలుగునాటికీ గట్టి సంబంధమే ఉంది. 18వ శతాబ్దంలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా కోరమాండల్ తీరంలో పనిచేశాడు. పాముకాటుతో జనం చనిపోవడం చూసి, ఏ పాముకు విషముంది, ఏ పాముకు లేదు అన్నది స్పష్టంగా తెలియాలని ఆయన పాములను సేకరించి పరిశీలించాడు. 1796లో లండనులో రంగుల బొమ్మలతో ఒక పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. అందులో పాములకు స్థానికులు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. రక్తపింజరికి 'కాటుక రేకుల పొడ' అన్న పేరు అందులో కనబడుతుంది. ఆ పామునే ఇవాళ ప్రపంచమంతా రస్సెల్ పేరుతో పిలుస్తోంది.

విశాఖపట్నం నుంచి వచ్చిన మన గుడ్డిపాముకు ఆయన రాసుకున్న పేరు 'రెండు తలల పాము'. 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రస్సెల్ వర్ణన ఆధారంగా దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తరువాత ప్రజాతి పేరు చాలాసార్లు మారింది. 'ఇండోటిఫ్లాప్స్' అన్నది 2014లో వచ్చింది. కాని 'బ్రామినస్' అనే జాతి పేరు మాత్రం అలాగే ఉంది. ఇవాళ ఏ దేశపు గ్రంథంలో ఈ పాము పేరు తీసినా, మొదట వర్ణించిన చోటు విశాఖపట్నం అని ఉంటుంది.

ఇంతకీ దీనికి రెండు తలలున్నాయా? లేవు. తలా తోకా ఒకే లావుగా, మొద్దుగా ఉండటం వల్ల ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఇవాళ మన పల్లెల్లో 'రెండు తలల పాము' అని ఎక్కువగా పిలిచేది ఇసుకలో బతికే మరో లావుపాటి పామును. దానికీ రెండు తలలు లేవు, విషమూ లేదు. మొద్దు తోకే దాని పేరుకు కారణం.

కళ్లుండీ గుడ్డిది

గుడ్డిపాముకు కళ్లు అసలే లేవనుకోకండి. భూతద్దం పెట్టి చూస్తే తల మీద రెండు నల్లని చుక్కలు కనబడతాయి. అవే కళ్లు. వాటి మీద పారదర్శకంగా ఉండే పొలుసు కప్పి ఉంటుంది. ఆ కళ్లతో ఆకారాలు కనబడవు, వెలుగేదో చీకటేదో మాత్రం తెలుస్తుంది. దానికి అంతకంటె కావలసిందేముంది? మట్టిలో బతికే ప్రాణికి పెద్ద కళ్లుంటే ఇసుక రేణువులు గీరుకుని పుండ్లు పడతాయి. వెలుగు తగిలితే పైకి వచ్చేశానని తెలుసుకుని తిరిగి లోపలికి పోవడానికి ఆ రెండు చుక్కలు చాలు.

తల నిర్మాణం కూడా తవ్వకానికి తగినట్టే ఉంది. ముక్కు గుండ్రంగా ముందుకు వచ్చి, నోరు దాని కిందుగా లోపలికి ఉంటుంది. ముందుకు తోసేటప్పుడు నోట్లోకి మన్ను పోదు. పుర్రె ఎముకలు గట్టిగా ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని మట్టిలో గుచ్చి ఆనుకుని, తలను ముందుకు నెడుతుంది. చేత్తో పట్టుకుంటే ఆ ముల్లునే మన చర్మానికి నొక్కుతుంది. "తోకతో కుట్టింది" అని కొందరు హడలిపోయేది ఇందుకే. తేలుకొండిలో ఉన్నట్టు ఆ ముల్లులో విషం లేదు. అది చేతికర్ర వంటిది మాత్రమే.

చూపు లేని లోటును వాసన తీరుస్తుంది. చీలిన నాలుకతో మట్టిలోని వాసన కణాలను అందుకుని, నోటి పైభాగంలో ఉన్న ప్రత్యేక అవయవానికి అందిస్తుంది. చీమలు బారులు తీరి నడిచిన దారిలో వాటి వాసన నిలిచి ఉంటుంది కదా! గుడ్డిపాముల్లో కొన్ని జాతులు ఆ వాసన పట్టుకుని తిన్నగా పుట్టకే చేరుకుంటాయని ప్రయోగాల్లో తేలింది.

చీమల ఇంట విందు

గుడ్డిపాముకు ఇష్టమైన ఆహారం చీమల, చెదల గుడ్లు, పిల్లపురుగులు, కోశస్థ దశలోని ప్యూపాలు. అవి మెత్తగా ఉంటాయి, పారిపోలేవు. కాని వాటిని కాపలా కాసే చీమలు ఊరుకుంటాయా? వందల కొద్దీ వచ్చి మీదపడతాయి. నున్నని గట్టి పొలుసులు గుడ్డిపాముకు కవచంలా పనిచేస్తాయి. అయినా ఎక్కువసేపు అక్కడ కూర్చోవడం మంచిది కాదు. త్వరగా తిని త్వరగా బయటపడాలి.

ఇందుకు దాని నోట్లో ఒక చక్కని యంత్రాంగం ఉంది. మిగతా పాములు నోరు బాగా సాగదీసి, ఎలుకనో కప్పనో మెల్లమెల్లగా మింగుతాయి. గుడ్డిపాము నోరు అంతగా సాగదు. దాని కింది దవడకు పళ్లు లేవు. పళ్లన్నీ పై దవడ ఎముకల మీదే ఉంటాయి. ఆ రెండు చిన్న ఎముకలూ సెకనుకు చాలాసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతూ, దంతెతో గడ్డి లాగినట్టు ఆహారాన్ని గొంతులోకి లాగేస్తాయి. ఒకటి తరువాత ఒకటి, ఆగకుండా!

చెదపురుగులను తినేటప్పుడు మరో తెలివైన పని చేస్తుంది. 2015లో జపాను పరిశోధకులు వెల్లడించిన విషయమిది. ఈ పాము చెదపురుగును తోకవైపు నుంచి మింగి, తల దగ్గరకు వచ్చేసరికి నోటిని నేలకు రాసి ఆ తలను తుంచి పారేస్తుంది. అన్నిసార్లూ కాదు గాని చాలాసార్లు ఇలాగే చేస్తుంది. చెదపురుగు తల గట్టిది, అరగడం కష్టం. అరగని తలను కడుపులో వేసుకోవడం ఎందుకు? మనం రొయ్య తల తీసేసి వండుకోమూ!

ఆలోచించండి. పుస్తకాలను, తలుపు చట్టాలను, పైరును తినే చెదలను నేల అడుగున వెతికి తినే ప్రాణి ఇది. జీతం భత్యం లేకుండా మన పెరట్లో పనిచేస్తోంది.

దీన్ని తినేవారూ లేకపోలేదు. కోళ్లు, జెముడుకాకులు, గోదురుకప్పలు, కట్లపాములు దీన్ని పట్టి తింటాయి. ఒక వింత వినండి. 2010 తరువాతి సంవత్సరాల్లో తిమోర్ దీవిలో ఒక గోదురుకప్ప మలద్వారం నుంచి గుడ్డిపాము ఒకటి ప్రాణాలతో బయటికి రావడం శాస్త్రజ్ఞులు చూశారు. కప్ప మింగిన పాము, దాని పేగుల గుండా ప్రయాణం చేసి అవతలికి వచ్చిందన్నమాట. పాపం, కొన్ని గంటల తరువాత అది చనిపోయింది. కాని దాని పొలుసుల కవచం ఎంత గట్టిదో దీనివల్ల తెలుస్తోంది.

మగపాము లేని జాతి

ఇప్పుడు అన్నింటికంటె ఆశ్చర్యమైన విషయం. ప్రపంచంలో ఎన్ని చోట్ల, ఎన్ని గుడ్డిపాములను పరీక్షించినా ఈ జాతిలో అన్నీ ఆడపాములే!

మరి పిల్లలెలా పుడతాయి? సాధారణంగా తల్లి అండంలో సగం క్రోమోజోములు, తండ్రి శుక్రకణంలో సగం క్రోమోజోములు ఉంటాయి. రెండూ కలిస్తేనే పిండం తయారవుతుంది. గుడ్డిపాము అండానికి శుక్రకణంతో పనిలేదు. అండమే తనంతట తాను పెరిగి పిల్ల అవుతుంది. దీన్ని అనిషేక జననం అంటారు. చీమల్లో, తేనెటీగల్లో కొంతవరకు ఇది మనకు తెలిసిందే. కాని ఒక పాము జాతి మొత్తం ఈ పద్ధతి మీదే నడవడం మాత్రం అరుదు. 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు దీని కణాలను పరీక్షించి మరో సంగతి బయటపెట్టారు. మనకు ఉన్నట్టు రెండు సమితుల క్రోమోజోములు కాక, దీనికి మూడు సమితులున్నాయి. ఇటువంటి జీవులను త్రయస్థితికాలు అంటారు. ఎప్పుడో పూర్వం వేరువేరు గుడ్డిపాములు సంకరం కావడం వల్ల ఈ జాతి ఏర్పడి ఉంటుందని భావిస్తున్నారు.

తల్లి ఒక్కో కాన్పులో మూడు నాలుగు గుడ్లు, ఒక్కోసారి ఏడెనిమిది దాకా పెడుతుంది. అవి బియ్యపు గింజ కంటె కొంచెం పెద్దగా, పొడుగ్గా ఉంటాయి. బయటికి వచ్చిన పిల్లలు అచ్చం తల్లికి నకళ్లే.

ఈ పద్ధతిలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. కొత్త చోటుకు ఒక్క పాము చేరినా చాలు, అక్కడ సంతతి మొదలవుతుంది. తోడు వెతుక్కోనక్కర లేదు. ఇది లాభం. పిల్లలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి గనుక, ఒకదాన్ని చంపగల రోగం అన్నిటినీ చంపగలదు. పొలమంతా ఒకే వంగడం వేసిన రైతుకు తెగులు వస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా! ఇది నష్టం. తల్లిదండ్రులిద్దరి లక్షణాలూ కలిసి పిల్లల్లో వైవిధ్యం రావడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి మీరే ఆలోచించుకోవచ్చు.

కుండీలెక్కి లోకసంచారం

ఈ పాము పుట్టినిల్లు దక్షిణాసియా అని ఎక్కువమంది అభిప్రాయం. ఇవాళ మాత్రం అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. గట్టిగా నాలుగడుగులు పాకలేని ప్రాణి సముద్రాలెలా దాటింది?

మనిషే దాటించాడు. ఓడల మీద మొక్కలు పంపేటప్పుడు వేళ్లకు అంటుకున్న మట్టిలో, కుండీల్లో ఇదీ కూర్చుని ప్రయాణం చేసింది. ఇంగ్లీషులో దీనికి 'పూలకుండీ పాము' అనే ముద్దుపేరు వచ్చింది ఇందుకే. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో నేలమీద బతికే పాములు సహజంగా లేవు. 1930 ప్రాంతంలో అక్కడ గుడ్డిపాము కనబడింది. 1970ల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో బయటపడింది. ఆఫ్రికా, మెక్సికో, ఆస్ట్రేలియా, హిందూ మహాసముద్రపు దీవులు ఇలా చెప్పుకుంటూ పోతే పెద్ద జాబితా అవుతుంది. ప్రపంచంలో నేలమీద బతికే పాములన్నిటిలోకీ ఎక్కువ దూరం వ్యాపించినది మన విశాఖపట్నం గుడ్డిపామే! మగపాము అవసరం లేకపోవడం ఈ దండయాత్రకు ఎంత సాయపడిందో గమనించండి.

దీని చుట్టాలు కూడా ఉన్నారు. గుడ్డిపాములు, దారపు పాములు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జాతులున్నాయి. మన దక్కను ప్రాంతంలో కొక్కెం వంటి ముక్కుతో 60 సెంటీమీటర్ల దాకా పెరిగే గుడ్డిపాము ఒకటుంది. అన్నిటికంటె చిన్న పాము 2008లో వెస్టిండీసులోని బార్బడోస్ దీవి నుంచి వర్ణించిన దారపు పాము. అది పది సెంటీమీటర్లు మాత్రమే. అమెరికాలోని టెక్సస్‌లో ఒక రకం గుడ్లగూబ దారపు పాములను చంపకుండా తెచ్చి గూట్లో వదులుతుంది. అవి గూటి చెత్తలోని పురుగులను తింటూ బతుకుతాయి. అలాంటి పాములున్న గూళ్లలో గుడ్లగూబ పిల్లలు బాగా పెరుగుతున్నాయని, తక్కువగా చనిపోతున్నాయని 1987లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. పాముల విలువ గుడ్లగూబకు తెలిసినంత మనకు తెలియలేదు!

భయాలు, నిజాలు

గుడ్డిపాము నిద్రపోయేవాళ్ల చెవిలో దూరుతుందని చాలామంది భయపడతారు. దీనికి కావలసినవి చీకటి, తేమ, చీమగుడ్లు. ఇవన్నీ మట్టిలోనే ఉన్నాయి. పెద్దవాన కురిసి బొరియల్లో నీళ్లు నిండితే ఊపిరాడక పైకి వస్తుంది. స్నానాలగది తూములోంచి లోపలికి రావడం కూడా అందుకే. దారితప్పి వచ్చిందే గాని మనకోసం వచ్చింది కాదు.

అయితే ఒక ముఖ్యమైన హెచ్చరిక. దీన్ని చదివి "చిన్నపాములన్నీ గుడ్డిపాములే" అనుకోకండి. అది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. మన దేశంలో పాముకాటు వల్ల 2000 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వీటిలో ఎక్కువ మరణాలకు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కారణం. వీటి పిల్లలకు పుట్టిననాడే విషం ఉంటుంది. కట్లపాము పిల్ల కూడా నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. కాబట్టి ఈ గుర్తులు జ్ఞాపకముంచుకోండి. గుడ్డిపాముకు మెడ ఉండదు, తల విడిగా కనబడదు. ఒంటిమీద పట్టీలుగాని మచ్చలుగాని ఉండవు. కళ్లు మామూలు చూపుకు దాదాపు కనబడవు. పెన్సిలు కంటె లావుండదు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, లేక మీకు ఏమాత్రం సందేహమున్నా, దగ్గరికి వెళ్లకండి, పెద్దవాళ్లను పిలవండి. ఏ పామునూ చేత్తో పట్టుకోకండి. ఎవరికైనా పాము కరిస్తే కట్లు బిగించడం, గాయం కొయ్యడం, మంత్రం వేయించడం వంటి వాటితో కాలం వృథా చేయకుండా, కరిచిన భాగాన్ని కదలనివ్వకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పాముకాటుకు విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

రస్సెల్ రెండు వందల ఏళ్లకు ముందు చేయబోయింది ఇదే. ఏది అపాయమో ఏది కాదో వేరుచేసి చెప్పడం. రెండూ తెలియనివాడు అన్నిటినీ చంపుతాడు, లేదా అన్నిటినీ నమ్మి మోసపోతాడు.

మీరు చేయదగిన పని

ఇంట్లోకి గుడ్డిపాము వచ్చిందని రూఢి అయితే, పెద్దవాళ్ల సాయంతో చీపురుతో ఒక చేట మీదికో, అట్టముక్క మీదికో నెట్టి, పెరట్లో తేమగా ఉన్న నీడపట్టున వదిలిపెట్టండి. ఎండలో గచ్చు మీద వదిలితే కొద్దిసేపట్లోనే ఎండి చనిపోతుంది.

ఈ వానాకాలంలో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. గుడ్డిపాము కనబడిన తేదీ, వేళ, అంతకు ముందురోజు వాన పడిందా లేదా, ఎక్కడ కనబడింది (కుండీ కింద, ఆకుల కుప్పలో, తూము దగ్గర), పక్కన చీమల పుట్టగాని చెదలుగాని ఉన్నాయా అన్నవి రాయండి. మీ తరగతిలో పదిమంది రాసినవి కలిపి చూస్తే, వానకూ ఈ పాము బయటికి రావడానికీ ఉన్న సంబంధం మీకే తెలుస్తుంది. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. కుండీ జరిపే ఓపిక, చెప్పు తీయని చెయ్యి ఉంటే చాలు.